లీటరు నీటిలోని లెక్క



నేఁడు నేను ముచ్చటింపఁబోవు విషయము మీలోఁ గొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. ముప్పదియాఱు సంవత్సరములు బడిలోఁ దెలుఁగు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాఁడను. సంధులు, సమాసములు, ఛందస్సు నాకుఁ దెలిసిన విద్యలు. అట్టివాఁడు రసాయనశాస్త్రమునందలి యొక లెక్కను గూర్చి మాటలాడుట యేమని మీ రడుగవచ్చును. మన తెలుఁగువారికి లెక్కయు సాహిత్యమును బగవి కావు. 11వ శతాబ్దమున పావులూరి మల్లన గణితశాస్త్రమును దెలుఁగు పద్యములలో రచించెను. అయినను నేను మాటలాడుటకు నిజమైన కారణ మది కాదు. ఈ లెక్క తెలియకపోవుటచేత నా యింట నొక రాత్రి కీడు మూఁడవలసియుండెను. ఆ తప్పు చేసినవాఁడను నేనే. అట్టి తప్పు మీ యిండ్లలో జరుగకుండవలె నను కోరికతో నిది చెప్పుచున్నాను.

రెండేండ్ల క్రిందట వేసవి సెలవులకు మా అబ్బాయి సకుటుంబముగా మా యూరు వచ్చెను. మనుమనికి ఏడాదిన్నర వయస్సు. ఒకనాఁటి యుదయమున వానికి నీళ్ల విరేచనములు మొదలయ్యెను. మధ్యాహ్నమునకు వాంతులును దోడయ్యెను. మా వీధిలోని ఆశా కార్యకర్త వచ్చి చూచి, ఓఆర్‌ఎస్ పొట్లములు రెండిచ్చి, "పంతులుగారూ, పొట్లము మొత్తము ఒక లీటరు కాఁచి చల్లార్చిన నీటిలోఁ గలుపుఁడు. చెంచాతోఁ గొంచెము కొంచెముగాఁ బట్టింపుఁడు" అని చెప్పి వెళ్లెను. ఆమె యొకప్పుడు నా శిష్యురాలు.

కోడలు పిల్లవానిని వదలి లేవలేక యుండెను. కలుపు పని నేను బూనుకొంటిని. పొట్లముమీఁద లీటరు నీటిలోఁ గలుపవలె నని స్పష్టముగా నున్నది. చదివితిని. చదివియు నాలోచించితిని: "ఇంత చిన్న బిడ్డ లీటరు నీరెట్లు త్రాగఁగలఁడు? కషాయమును గాఁచి కాఁచి నాలుగవ వంతునకు దింపిననే గదా గుణమిచ్చును. మందు పలుచనైన నేమి పనిచేయును?" ఇట్లనుకొని, పొట్లమంతయు 200 మిల్లీలీటర్లు పట్టు గ్లాసెడు నీటిలోఁ గలిపితిని. ఎంతో తెలివిగాఁ జేసితి ననుకొంటిని.

పిల్లవాఁడు నాలుగు చెంచాలు మ్రింగి మొగము చిట్లించెను. బలవంతముగా మఱికొన్ని చెంచాలు పోసితిమి. విరేచనములు తగ్గలేదు, హెచ్చెను. నాలుక పిడచకట్టెను. నీళ్లకై యేడ్చి యేడ్చి, చీఁకటి పడునప్పటికి ఏడ్చుటకును ఓపిక లేక సోలిపోయెను. రాత్రి తొమ్మిది గంటలకు ఆశా కార్యకర్త మరల వచ్చి గ్లాసును జూచి, "ఇది యెంత నీటిలోఁ గలిపితిరి?" అని యడిగెను. చెప్పితిని. ఆమె మాఱు మాటలాడక గ్లాసు పెరటిలోఁ గ్రుమ్మరించి, 108కి ఫోను చేసెను. ఆసుపత్రిలో వైద్యుఁడు సెలైను పెట్టి రాత్రియంతయుఁ గనిపెట్టుకొని యుండెను. తెల్లవాఱునప్పటికి పిల్లవాఁడు కన్నులు విప్పి తల్లిని గుర్తించెను. వైద్యుఁడు నన్ను మందలింపలేదు. "అయ్యా, ఆ పొట్లములో మందు సగమే యున్నది. తక్కిన సగము నీరు. మీరు నీటిని దగ్గించితిరి" అని మాత్రము చెప్పెను.

ఆ మాట నన్ను విడువలేదు. నీరు తగ్గినంత మాత్రమున మందు విషమున కెట్లు సమీపించును? మా యింటి ప్రక్క రసాయనశాస్త్రము బోధించు ఉపాధ్యాయుఁ డొకఁ డున్నాఁడు. నాకంటె ముప్పది యేండ్లు చిన్నవాఁడు. వారము దినములు సాయంకాలములందు వాని యరుఁగుమీఁదఁ గూర్చుండి పలక పట్టిన పిల్లవానివలె నేర్చుకొంటిని. అదియే మీకుఁ జెప్పుచున్నాను.

అతఁడు మొదట నడిగిన ప్రశ్న యిది: "పంతులుగారూ, పెండ్లి విందునకు అరటిపండ్లను దూకముతోఁ గొందురా, లెక్కతోఁ గొందురా?" లెక్కతోనే యంటిని. విస్తరి కొక్క పండు వేయవలెను గనుక, ఎన్ని పండ్లని చూతుము గాని యెన్ని కిలోలని చూడము. "నీటిలోఁ గరఁగిన వస్తువులతోను అంతే. ఉప్పును, పంచదారను మనము గ్రాములలోఁ దూఁచుదుము. శరీరములోని నీరు మాత్రము ఆ తూకమును జూడదు. ఎన్ని కణములు కరఁగియున్నవని లెక్కను జూచును" అని యతఁడు చెప్పెను. ఈ యొక్క మాటలో శాస్త్రమంతయు నిమిడియున్నది.

ఇంక కణములను లెక్కించు టెట్లు? ఒక్కొక్క యణువును వ్రేళ్లపైఁ బెట్టి లెక్కింపలేము. కాని ఒక నాణెము బరువు తెలిసినచో, సంచెడు నాణెములను దూఁచి, భాగహారముచేత నాణెముల సంఖ్య తెలిసికొనవచ్చును గదా. శాస్త్రజ్ఞులు చేసిన దదియే. అరటిపండ్లకు డజను అనునట్లు అణువులకు నొక గుంపు నేర్పఱచిరి. దానిపేరు మోలు. డజను అనఁగా 12. మోలు అనఁగా 6,022 వ్రాసి దాని ప్రక్కన 20 సున్నలు పెట్టినంత సంఖ్య. భాస్కరాచార్యుల లీలావతిలో సంఖ్యాస్థానములు పరార్ధముతో ముగియును. అది ఒకటి ప్రక్కన 17 సున్నలు. అట్టి పరార్ధములు అఱువది లక్షలకుఁ బైగాఁ జేరిన నొక మోలగును. ఈ సంఖ్యకు ఇటలీ దేశస్థుఁడైన అవొగాడ్రో పేరు పెట్టిరి. 2019వ సంవత్సరము మే 20వ తేదీనుండి యీ సంఖ్యను ఖచ్చితముగా స్థిరపఱచి, దాని ద్వారముననే మోలును నిర్వచించుచున్నారు.

మోలు బరువు కనుఁగొనుట సులభము. ఉప్పునందు సోడియము, క్లోరిను అను రెండు మూలకములు కలవు. సోడియపు పరమాణుభారము 23. క్లోరినుది 35.5. కూడిన 58.5. కావున 58.5 గ్రాముల యుప్పు ఒక మోలు. గ్లూకోజు అణువునందు కార్బను పరమాణువులు 6, హైడ్రోజను పరమాణువులు 12, ఆక్సిజను పరమాణువులు 6 కలవు. కార్బను భారము 12 గనుక 72. హైడ్రోజను భారము 1 గనుక 12. ఆక్సిజను భారము 16 గనుక 96. మొత్తము 180. కావున 180 గ్రాముల గ్లూకోజు ఒక మోలు. 58.5 గ్రాముల యుప్పులోను 180 గ్రాముల గ్లూకోజులోను సంఖ్య యొక్కటే, బరువు వేఱు. గుమ్మడికాయలు డజను, నిమ్మకాయలు డజను అన్నట్లే.

ఇప్పుడు నీటి మాట. ఒక లీటరు ద్రావణమునం దెన్ని మోలులు కరఁగియున్నవో ఆ సంఖ్యకు మొలారిటీ యని పేరు. లెక్క రెండు మెట్లు. కరఁగిన వస్తువు గ్రాములను దాని మోలు బరువుచే భాగింపవలెను. వచ్చిన మోలులను లీటర్ల సంఖ్యచే మరల భాగింపవలెను. శరీరద్రవములలో నీ సంఖ్యలు చిన్నవి గనుక మోలులో వేయవ వంతును మిల్లీమోలని వాడుదురు.

మన పొట్లమునకు వత్తము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002వ సంవత్సరమునఁ బ్రకటించిన సూత్రము ప్రకారము లీటరు నీటికి సాధారణమైన యుప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాసియము క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియము సిట్రేటు 2.9 గ్రాములు కలుపవలెను. మొత్తము 20.5 గ్రాములు.

తూకములోఁ జూచిన గ్లూకోజు ఉప్పునకు అయిదింతలకుఁ బైగా నున్నది. లెక్కలోఁ జూతము. 2.6ను 58.5చే భాగించిన 44 మిల్లీమోలులకుఁ గొంచెము పైగా వచ్చును. ఉప్పు నీటిలోఁ బడినంతనే సోడియమొకటి, క్లోరైడొకటిగా విడిపోవును. కావున కణములు రెట్టించి 89 మిల్లీమోలులగును. 13.5ను 180చే భాగించిన 75 మిల్లీమోలులు. గ్లూకోజు విడిపోదు. అనఁగా తూకములో అయిదవ వంతు కూడ లేని యుప్పు, కణముల లెక్కలో గ్లూకోజును మించిపోయినది! ఇది విన్ననాఁడు నేను పలక క్రింద పెట్టి నవ్వితిని. తూకమును నమ్మి మోసపోయితి నని యప్పటికిఁ దెలిసెను.

తక్కిన వానిని నిట్లే చూడవచ్చును. పొటాసియము క్లోరైడు మోలు బరువు 74.5, 1.5 గ్రాములు 20 మిల్లీమోలులు. సిట్రేటు మోలు బరువు 294, 2.9 గ్రాములు ఇంచుమించు 10 మిల్లీమోలులు. కాని సిట్రేటు ఒక్కొక్కటి మూఁడేసి సోడియములను వెంటఁ దెచ్చును గనుక 30 మిల్లీమోలుల సోడియము దానినుండి వచ్చును. అన్నియుఁ గూడి, కొంచెపు సవరణతో, లీటరునకు సోడియము 75, క్లోరైడు 65, గ్లూకోజు 75, పొటాసియము 20, సిట్రేటు 10. మొత్తము 245. కరఁగిన కణములన్నిటి యీ మొత్తమునకు ఆస్మొలారిటీ యని పేరు.

ఈ 245 ఎందులకు? మన రక్తములో నిట్టి లెక్క ఇంచుమించు 290. పొట్లపు నీటిలోనిది కొంచెము తక్కువ. ప్రేవు గోడకు ఒక ప్రక్క ఈ ద్రావణము, రెండవ ప్రక్క రక్తము ఉండును. కణములు తక్కువయున్న చోటినుండి ఎక్కువయున్న చోటికి నీరు పోవును. దీనిని ద్రవాభిసరణ మందురు. పేరు పెద్దదైనను సంగతి మన యాఁడువారికిఁ గొత్త కాదు. మాగాయకై మామిడిముక్కలు తఱిగి యుప్పు చల్లి జాడీలోఁ బెట్టుదురు. నీరు చుక్కయుఁ బోయకయే మూఁడవ నాఁటికి జాడీలో ఊట నిండును. ఆ నీ రెక్కడిది? ముక్కలలోనిదే. బయట నుప్పు మిక్కుటమగుటచే లోపలి నీరు బయటికి లాగఁబడెను. దీనికి విపరీతముగా, పాయసమునకై యెండు ద్రాక్షలను మంచినీటిలో వేసిన నవి నీరు పీల్చి యుబ్బును.

ఇప్పుడు నా గ్లాసును లెక్కింపుఁడు. లీటరునకు కావలసిన పొడిని లీటరులో అయిదవ వంతు నీటిలోఁ గలిపితిని. 245ను 5చే హెచ్చింపఁగా 1,225. రక్తములోని లెక్కకు ఇది నాలుగు రెట్లకుఁ బైన. సోడియ మొక్కటియే చూచినను 375. రక్తములో నుండవలసినది 135 మొదలు 145 వఱకు. ఆ నీరు పిల్లవాని ప్రేవులోఁ బడిన క్షణమునుండి వాని రక్తములోని నీటిని బయటికి లాగెను. నేను వానికి నీ రిచ్చుచున్నా ననుకొంటిని. నిజమునకు వానిని మాగాయ ముక్కను జేసితిని. పెద్దలారా, ఈ మాట చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. అయినను మీరు దీనిని మఱచిపోకుండుటకై యీ మాటనే చెప్పుచున్నాను.

మఱియొక సంగతి. గ్లూకోజు రుచికై వేసినది కాదు. విరేచనములు పట్టినప్పుడు ప్రేవు వట్టి యుప్పునీటిని సరిగా నిముడ్చుకొనలేదు. కాని గ్లూకోజు తోడున్నప్పుడు సోడియము దానితోఁ గలిసి గోడ దాఁటును. సోడియము వెంట నీరు పోవును. కాఁబట్టి రెండును దగిన లెక్కలో నుండవలెను. తీపి హెచ్చించిన మంచిదని యదనముగాఁ బంచదార వేయుట మఱియొక తప్పు.

ఈ యుపాయము పెద్ద పరీక్షకు నిలిచినది మన దేశముననే. 1971వ సంవత్సరమున తూర్పు బెంగాలునుండి లక్షలకొలఁది జనులు శరణార్థులై పశ్చిమ బెంగాలునకు వచ్చిరి. బోన్‌గావ్ శిబిరమున కలరా పుట్టెను. శిరలలోని కెక్కించు సెలైను చాలలేదు. అప్పుడు వైద్యుఁడు దిలీప్ మహలనోబిస్ లీటరు నీటికి గ్లూకోజు 22 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, తినుసోడా 2.5 గ్రాములు చొప్పునఁ గలిపించి, పీపాలనుండి రోగుల బంధువులచేతనే త్రాగించెను. మరణములు నూటికి 30 ప్రాంతమునుండి 4కు లోపలికి దిగెను. ఆయన 2022లో గతించెను. 2023లో భారత ప్రభుత్వము మరణానంతరముగాఁ బద్మవిభూషణ మిచ్చెను. ఆ శిబిరమున రోగులకు మందిచ్చినవారు చదువుకొన్న వైద్యులు కారు, తల్లులు, అన్నదమ్ములు. కాని కొలత మాత్రము సరిగా నుండెను.

కొలత యెంత సూక్ష్మమో మఱియొక నిదర్శనము వినుఁడు. 2002కు పూర్వము ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రములో లీటరునకు ఉప్పు 3.5 గ్రాములు, గ్లూకోజు 20 గ్రాములు నుండెను. ఆ ద్రావణపు లెక్క 311. అది రక్తము లెక్కకుఁ గొంచెము పైన. అదియును లక్షలకొలఁది ప్రాణములను గాపాడెను. అయినను పండితులు పరీక్షించి, 245 లెక్కగల ద్రావణ మిచ్చినచో పిల్లలకు వాంతులును విరేచనములును దగ్గునని, సెలైను ఎక్కింపవలసిన యవసరము మూఁడవ వంతు తగ్గునని కనుఁగొనిరి. 311కును 245కును నడుమ భేద మింత ఫలము నిచ్చినప్పుడు, నా 1,225 ఎంత కీడు చేసియుండునో మీరే యూహింపుఁడు.

పొట్లము దొరకనప్పు డేమి చేయవలె నని మీరడుగవచ్చును. లీటరు నీటిలో తలగొట్టిన చిన్న చెంచాలు 6 పంచదార, తలగొట్టిన అర చెంచా మెత్తని యుప్పు కలుపవలె నని వైద్యులు చెప్పుదురు. చిన్న చెంచా యనఁగా 5 మిల్లీలీటర్లు పట్టునది. ఇదియు లెక్కకు నిలుచునా యని నేను పరీక్షించితిని. ఆఱు చెంచాల పంచదార ఇంచుమించు 25 గ్రాములు. పంచదార మోలు బరువు 342. భాగింపఁగా 73 మిల్లీమోలులు. చూచితిరా? పొట్లములో గ్లూకోజు 13.5 గ్రాములు, ఇచట పంచదార 25 గ్రాములు. తూకము ఇంచుమించు రెట్టింపు. లెక్క మాత్రము 75, 73, దాదాపు సమానము. పంచదార యణువు బరువైనది గనుక నట్లు. ప్రేవులో నది గ్లూకోజు, ఫ్రక్టోజు అని రెండుగా విడును గనుక కణములు 146. అర చెంచా యుప్పు ఇంచుమించు 3 గ్రాములు, అనఁగా 51 మిల్లీమోలులు, విడిపోఁగా 102. మొత్తము 248. పొట్లపు 245కు అది యెంత దగ్గఱగా నున్నదో గమనింపుఁడు. అయితే దీనిలో పొటాసియము లేదు, సిట్రేటు లేదు. ఇది పొట్లము వచ్చుదాఁక ఆదుకొనునదే గాని పొట్లమునకు సమానము కాదు.

చెంచా విషయమున జాగరూకత వలయును. అర చెంచాకు బదులు నిండు చెంచా యుప్పు వేసిన మొత్తము 350 దాఁటి రక్తము లెక్కను మించును. కల్లుప్పు పలుకుల నడుమ సందు లుండుటచే చెంచాలోఁ బట్టు తూకము మాఱుచుండును. కావున మెత్తని యుప్పే వాడవలెను. కొలచిన పిదప వ్రేలితో నడ్డముగా రాచి చెంచా తల సరిచేయవలెను. కలిపిన తరువాత నోట వేసికొని చూచిన, అది కన్నీటికంటె ఉప్పగా నుండరాదు.

అంగళ్లలో దొరకు తీపి పానీయముల సంగతియు నీ లెక్కతోనే తేలును. ఒక సీసాపై 100 మిల్లీలీటర్లకు పంచదార 10 గ్రాములని వ్రాసియున్న దనుకొనుఁడు. లీటరునకు 100 గ్రాములు. 342చే భాగించిన 292 మిల్లీమోలులు. ప్రేవులో విడిపోఁగా 584. రక్తమునకు రెట్టింపు. సోడియము చాలినంత యుండదు. అట్టి దానిని విరేచనముల బిడ్డకుఁ బట్టుట నిప్పున నెయ్యి పోయుటయే. ఓఆర్‌ఎస్ అను నక్షరములు సీసాలపైఁ బెట్టి తీపి పానీయములు చాల యేండ్లు అమ్మఁబడెను. హైదరాబాదునందలి యొక శిశువైద్యురాలు దీనిపై నేండ్ల తరబడి పోరాడెను. 2025వ సంవత్సరము అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము లేని పానీయములపై నా పేరు పెట్టరాదని యుత్తరువు చేసెను. అయినను మీరు పేరును జూచి కొనకుఁడు. పొట్లముపై నున్న గ్రాములను జూచి కొనుఁడు. నేను చెప్పిన నాలుగు సంఖ్యలను గాగితముపై వ్రాసికొని దాఁచుకొన్న చాలును.

ఒక సందేహము మీకుఁ గలుగవచ్చును, నాకును గలిగెను. పిల్లవాఁడు లీటరు త్రాగలేఁడు గదా, సగము పొట్లము సగము లీటరులోఁ గలుపరాదా యని. లెక్క ప్రకారము తప్పు లేదు. పొడి సగమై, నీరును సగమైనచో మొలారిటీ మాఱదు. నూతిలోని నీరు, చెంబులోని నీరు ఒక్క రుచియే యైనట్లు, ఇది పరిమాణముపై నాధారపడునది కాదు, పాళ్లపై నాధారపడునది. కాని పొట్లములోఁ గలిపిన నాలుగు పొడులు సగమున సరిగా సగమై వచ్చునను నమ్మకము లేదు. కంటితోఁ బంచుట ప్రమాదము. 200 మిల్లీలీటర్లకు సరిపడు చిన్న పొట్లములును వచ్చుచున్నవి. అవి గ్లాసెడు నీటికే చేసినవి. కావున పొట్లముపై నెంత నీరని వ్రాసియున్నదో చదివి, అంతయే పోయుఁడు. పెద్ద పొట్లమైన లీటరు కలిపి యుంచుకొని కావలసినంతయే పట్టుఁడు. 24 గంటలు దాఁటిన దానిని బాఱఁబోసి క్రొత్తది కలుపుఁడు. చౌకైన పొడికై బిడ్డను బణము పెట్టవలదు.

లీటరు కొలత కూడ నొక మాట. మన చెంబులు, గ్లాసులు ఇంటి కొకరీతి. లీటరు అని యచ్చువేసిన నీళ్ల సీసా నొకటి శుభ్రముగాఁ గడిగి యింట నుంచుకొనుఁడు. నీటిని గాఁచి, చల్లార్చి, ఆ సీసాతోఁ గొలిచి, పెద్ద గిన్నెలోఁ బోసి, పొట్లమంతయు వేసి కరఁగువఱకుఁ గలుపుఁడు. కలిపిన తరువాత మరల కాఁచరాదు. కాఁచిన నీరు ఆవిరియై పోయి లెక్క హెచ్చును.

చెంచా చెంచాగాఁ బట్టవలెను. వాంతియైనచో పది నిమిషములు ఆగి, మఱింత మెల్లగాఁ బట్టవలెను. తల్లిపాలు మానిపింపరాదు, తినఁగల పిల్లలకు అన్నము మానిపింపరాదు. వైద్యులు జింకు మాత్రలును 10 మొదలు 14 దినముల వఱకు ఇత్తురు. విరేచనములు నిలిచిన పిదపను వానిని బూర్తి చేయవలెను. బిడ్డ సోలిపోయినను, కన్నులు గుంటలు పడినను, మూత్రము రాకున్నను, త్రాగలేకపోయినను, మలమునందు రక్తము కనఁబడినను, ఏ లెక్కయు వేయక వెంటనే యాసుపత్రికిఁ గొనిపోవలెను.

మా యరుఁగుమీఁది పాఠము ముగిసిన నాఁడు ఆ చిన్న యుపాధ్యాయుఁ డొక మాట చెప్పెను. "పంతులుగారూ, ఛందస్సులో గురువు లఘువు కొలత తప్పిన పద్యము చెడును. మీరు పిల్లల పద్యములలో నొక్క లఘువును విడువరు. నీటి కొలతను మాత్రము విడిచితిరి" అని. ఆ మాటకు నేను బదులు చెప్పలేదు.

నా మనుమఁ డిప్పుడు నాలుగవ యేఁట నడుగిడుచున్నాఁడు. ఈ వేసవికిని వచ్చెను. మా గూటిలో రెండు పెద్ద పొట్లములును, లీటరు సీసా యొకటియు నున్నవి. సీసాపై నేనే నల్లసిరాతో "దీని నిండుగా" అని వ్రాసి యంటించితిని. మా యూరిలో నెవ్వరి యింట బిడ్డకు జబ్బుచేసినను ఆ సీసాను దీసికొనిపోవుదురు. మీ యూళ్లలోను నట్టిది యొకటి యెవరి గూటనైన నుంచుఁడని వేఁడుకొనుచు సెలవు గైకొనుచున్నాను.